వారి ప్రక్కన కూర్చుండి

ఆదివారపు ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన వేళకు పాస్టరుగారి చేతికి ఒక చీటీ అందుతుంది. జ్వరంతో మంచం పట్టినవారు, ఆపరేషనుకు వెళ్ళబోయేవారు, పరీక్షలు రాస్తున్న పిల్లలు, గల్ఫ్ దేశాలకు వెళ్ళి చాలాకాలంగా కబురు లేనివారు, సంతానం కొరకు కనిపెట్టుకొని ఉన్నవారు. ముప్ఫై పేర్లు రెండు నిమిషాల్లో పూర్తవుతాయి. బెంచీల్లో కూర్చున్న మనం ప్రతి పేరుకూ ‘ఆమెన్’ అంటాము. బయటికి వచ్చి చెప్పులు వేసుకొనే వేళకు అందులో మూడు పేర్లు జ్ఞాపకముంటే గొప్ప సంగతే.

ప్రియ పాఠకులారా, ఈ పద్ధతిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఒక మనిషి పేరు దేవుని సన్నిధిలో పలకబడడమే చిన్న విషయం కాదు. అయితే పేరు పలకడం వేరు, పేరు మోయడం వేరు. ఈ తేడా మోషే కాలంలోనే యాజకుని వస్త్రములో కుట్టి చూపించబడింది. నిర్గమకాండము 28వ అధ్యాయము తీసి చూడండి. అహరోను ధరించిన ఏఫోదుకు రెండు భుజాల మీద రెండు లేతపచ్చలు ఉన్నాయి. ఒక్కొక్క రాతి మీద ఆరేసి గోత్రాల పేర్లు. రొమ్ము మీద న్యాయవిధాన పతకము. అందులో పన్నెండు రత్నాలు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పేరు. అంటే ప్రతి గోత్రపు పేరూ యాజకుని శరీరము మీద రెండు చోట్ల ఉంది. బరువు మోసే భుజము మీద ఒకసారి, గుండెకు ఆనుకొని ఒకసారి. పైగా ఆ పేర్లు సిరాతో వ్రాసినవి కావు, ముద్ర చెక్కినట్లు రాతి మీద చెక్కినవి. రాతికి బరువు ఉంటుంది. పరిశుద్ధస్థలములోనికి అడుగుపెట్టిన ప్రతిసారీ ఆ బరువు ఆయనకు తెలిసేది.

చీటీ మీద ఉన్న పేరు మన రొమ్ము మీదికి ఎలా వస్తుంది? మేము ఈ నెల ఆలోచించదలచింది ఈ ఒక్క ప్రశ్ననే.

అడిగి తెలుసుకున్న మనిషి

నెహెమ్యా షూషను కోటలో రాజుకు గిన్నె అందించే ఉద్యోగి. తిండికి, బట్టకు లోటులేని ఇంట ఉన్నవాడు. యెరూషలేము ఆయనకు వందల కోసుల దూరము. యూదా నుండి హనానీ, మరికొందరు వచ్చినప్పుడు ఆయన వారిని ఊరికే పలకరించి పంపివేయవచ్చు. మన ఊళ్ళలో జరిగేది అదే గదా! ‘బాగున్నారా?’ అంటాము. ‘ఆఁ, బాగున్నాం’ అంటారు. ఇద్దరూ ముందుకు సాగిపోతారు. బాగాలేదని చెప్పే అవకాశం ఆ ప్రశ్నలో ఉండదు.

నెహెమ్యా అలా అడగలేదు. చెరనుండి తప్పించుకొన్నవారు ఎలా ఉన్నారు, పట్టణము ఎలా ఉంది అని విచారించాడు. ప్రాకారము పడిపోయింది, గుమ్మములు కాలిపోయాయి, అక్కడ మిగిలినవారు నిందలో, శ్రమలో ఉన్నారు అని వారు చెప్పారు. విన్నాడు. వినగానే లేచి ప్రార్థన మొదలుపెట్టలేదు. కూర్చున్నాడు. ఏడ్చాడు. కొన్ని దినాలు దుఃఖించాడు. ఆ తరువాత ఉపవాసముండి ప్రార్థించాడు. ఈ వరుసను మనం గమనించాలి. అడగడం, వినడం, కూర్చోవడం, ఏడవడం, అటు తరువాత ప్రార్థన. మనం తరచుగా మొదటి నాలుగింటినీ విడిచిపెట్టి అయిదవదానికి వస్తాము. అందుకే మన విజ్ఞాపనలో మాటలు ఎక్కువ, మనిషి తక్కువ.

మరొక సంగతి. ఈ వార్త ఆయనకు చేరింది కిస్లేవు మాసములో. రాజు ఎదుట నోరు తెరిచే అవకాశం వచ్చింది నీసాను మాసములో. నడుమ నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ ఆయన రాజుగారి గిన్నె అందిస్తూనే ఉన్నాడు. ఆ నీసానులో రాజు ఆయన ముఖము చూచి, నీకు రోగము లేదు గదా, ఎందుకు విచారముగా ఉన్నావు అని అడిగాడు. మోస్తున్న భారము ముఖము మీదికి వచ్చింది. ఎప్పుడైనా మనం ఇతరుల కొరకు చేసిన ప్రార్థన మన ముఖము మీద కనబడిందా?

‘మేము’ అనే మాట

నెహెమ్యా ప్రార్థన చదివేటప్పుడు ఒక చిన్న మాట దగ్గర ఆగవలసి ఉంటుంది. ఇశ్రాయేలీయులు పాపము చేశారు అని ఆయన దేవునితో చెప్పలేదు. తననూ తన తండ్రి ఇంటివారినీ కలుపుకొని మేము చేశాము అన్నాడు. దానియేలు 9వ అధ్యాయములో కూడా అంతే. ఆయన ఉద్యోగ విషయంలో లోపము వెదకబోయి శత్రువులే ఓడిపోయారని 6వ అధ్యాయము చెబుతోంది. అటువంటివాడు ప్రజల పాపము ఒప్పుకొనేటప్పుడు మొదటినుండి చివరివరకు మేము, మేము అనే ప్రార్థించాడు.

తెలుగువారమైన మనకు ఈ విషయము ఇతరులకంటె బాగా అర్థం కావాలి. అనేక భాషల్లో ఒకే మాటతో సరిపెట్టేచోట మనకు రెండు మాటలు ఉన్నాయి. ఎదుటివానిని కలుపుకొంటే ‘మనము’. ఎదుటివానిని విడిచిపెడితే ‘మేము’. దేవునితో పాపము ఒప్పుకొనేటప్పుడు ‘మేము’ అంటాము, ఆయన అందులో లేడు గనుక. తోటి మనిషి ప్రక్కన కూర్చున్నప్పుడు ‘మనము’ అనాలి. విజ్ఞాపన చేసేవాడు ఈ రెండు మాటలనూ నేర్చుకొన్నవాడు. పాపిని చూచి ‘మనము’ అనగలిగినవాడే దేవుని వైపు తిరిగి అతనితో కలిసి ‘మేము’ అనగలడు. మన కూటాలలో వినబడే ప్రార్థనలు ఎక్కువగా ‘వారు, వీరు’ అని సాగుతాయి. ‘ఆ కుమారుని త్రాగుడు మాన్పించు ప్రభువా, ఆ కుటుంబానికి బుద్ధి దయచేయి ప్రభువా.’ ఆ కుటుంబము అదే గదిలో, అదే చాప మీద కూర్చుని వింటూ ఉంటుంది. ప్రార్థన పేరుతో చేసే ఈ మందలింపు వినేవారికి ఎంత గుచ్చుకుంటుందో, చేసేవారికి చాలాసార్లు తెలియదు.

హవాయి దీవులలో మొలొకాయి అనే చోట కుష్ఠు వ్యాధిగ్రస్తులను వెలివేసి ఉంచేవారు. 1873లో దామియెను అనే బెల్జియం దేశపు ఫాదరు అక్కడికి తానుగా వెళ్ళాడు. వారి పుండ్లు కడిగాడు, వారికి ఇండ్లు కట్టాడు, వారి సమాధులు త్రవ్వాడు. ప్రసంగంలో వారిని ‘మీరు’ అని వేరుచేయక, వారిలో ఒకనిగా ‘మనము’ అనేవాడు. చివరికి ఆ వ్యాధి ఆయనకూ సోకింది, 1889లో అక్కడే కన్నుమూశాడు. అందరమూ మొలొకాయి వెళ్ళనక్కరలేదు. కాని ‘మనము’ అనే మాట వెల ఎంతో ఆయనను చూస్తే తెలుస్తుంది.

కొబ్బరి తోటల మధ్య దప్పిక

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వెళ్ళినవారికి తెలుసు, కనుచూపు మేర కొబ్బరి, జీడి, పనస తోటలు. ఆ పచ్చదనంలోనే ఎన్నో సంవత్సరాలుగా ఇంటింటా మూత్రపిండాల జబ్బు. కారణము ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ వ్యాధులకు ప్రత్యేకమైన ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్ మీద బ్రతుకుతున్న వ్యవసాయ కూలీలు అక్కడి సంఘాలలో కూడా ఉన్నారు.

ఆ ప్రాంతపు సంఘంతో మాకు కొంత పరిచయం ఉంది. అక్కడ ఒక సోదరుని కొరకు చాలాకాలంగా ప్రార్థన జరుగుతూ ఉండేది. ‘నీ బిడ్డకు సంపూర్ణ స్వస్థత దయచేయుము’ అనే ప్రార్థన. మంచి ప్రార్థనే. ఒక రోజు కూటము అయిన తరువాత టీ ఇస్తూ ఆయన భార్య మాతో ఇలా అన్నది: “అందరూ ప్రార్థన చేస్తన్నారండి. మా ఆయన దాహం మాత్రం ఎవరికీ తెల్దండి.”

ఆ మాటతో కూటములో ఉన్నవారందరూ మళ్ళీ కూర్చున్నారు. ఆమె చెప్పింది, మేమందరం విన్నాము. డయాలసిస్ మీద ఉన్నవారికి వైద్యులు నీళ్ళు కొలిచి ఇస్తారు. రోజంతటికీ ఇన్ని గ్లాసులని లెక్క. టీ, మజ్జిగ, అంబలి, చారు, మాత్ర మింగే గుక్క కూడా ఆ లెక్కలోకే వస్తాయి. లెక్క మీరితే ఒంట్లో నీరు నిలిచి కాళ్ళు ఉబ్బుతాయి, ఆయాసము వస్తుంది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. కాని కొబ్బరి నీళ్ళు త్రాగకూడదు. అందులో ఉండే పొటాషియము గుండెకు ప్రమాదము. అరటిపండు కూడా అంతే. మనం ఎవరైనా జబ్బుపడితే మొదట పట్టుకువెళ్ళేవి ఆ రెండే గదా! ఆయనను చూడడానికి వచ్చిన బంధువులు ప్రేమతో తెచ్చిన బోండాలు గుమ్మం దగ్గర వరుసగా ఉంటే, వాటిని చూస్తూ ఆయన ఒక చిన్న మంచుముక్క నోట్లో వేసుకొని చప్పరిస్తూ కూర్చునేవాడట.

వారానికి మూడు రోజులు మిషను దగ్గరికి వెళ్ళాలి. మిషను మీద ఉండేది నాలుగు గంటలే గాని, తెల్లవారుజామున బయలుదేరి ఇల్లు చేరేసరికి ప్రొద్దు వాలుతుంది. తోడు వెళ్ళినవారి కూలి పోతుంది. సూదులు వేసే చేతితో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బి.పి. చూడకూడదు. ఆ చేతి మీద వేలు పెడితే రక్తము పరుగు సన్నగా జలజలమని తెలుస్తుంది. అది ఆగిపోలేదు గదా అని ఆయన రాత్రివేళ లేచి చూచుకొనేవాడు.

ఇదంతా విన్న తరువాత ఆ సంఘములో ప్రార్థన మారింది. స్వస్థత అడగడం మానలేదు. దానితోపాటు మంగళవారము, గురువారము, శనివారము అనే మాటలు ప్రార్థనలోకి వచ్చాయి. తెల్లవారుజామున బస్సు దొరకాలి, సూది మొదటిసారే సరిగా పడాలి, మధ్యాహ్నపు దప్పికను ఆయన ఓర్చుకోవాలి, పిల్ల ఫీజుకు కూలి డబ్బు మిగలాలి అని అడగడం మొదలైంది. ఆ ఊరి పెద్దమ్మ ఒకరు ఆ మూడు రోజులూ ఉదయం నుండి మధ్యాహ్నం వరకు ఒక్క గ్లాసు నీళ్ళతోనే ఉండి ప్రార్థించేది. గొంతు ఎండినప్పుడల్లా ఆయన పేరు జ్ఞాపకం వస్తుందని ఆమె లెక్క. (చక్కెర వ్యాధి, బి.పి. ఉన్నవారు ఇది చేయవద్దని మా మనవి. ఆమెకు కూడా వాళ్ళ మనుమరాలు కొన్నాళ్ళకు మాన్పించింది.)

తెలియని బాధ కొరకు ప్రార్థన చేయకూడదని మేము అనడం లేదు. మాటలకందని మూలుగులతో ఆత్మ మన పక్షమున విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయములో ఉంది, మనకు తెలియనిదంతా ఆయనకు తెలుసు. కాని తెలుసుకొనగలిగినది తెలుసుకోకుండా ఆ వాక్యము చాటున దాగడం సోమరితనము. యెరికో త్రోవలో బర్తిమయికి ఏమి కావాలో చూచినవారందరికీ తెలుస్తూనే ఉంది, గ్రుడ్డివాడు గనుక. అయినా యేసుప్రభువు అతనిని పిలిపించి, నేను నీకేమి చేయాలని కోరుతున్నావు అని అడిగాడు. అతని నోట అతని అక్కర వినడానికి ఆయన నిలిచాడు.

హన్నా పెదవులు

అడగడంలో కూడా ఒక మర్యాద ఉన్నది. దీనికి హన్నా కథ కంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

హన్నాకు పిల్లలు లేరు. పెనిన్నా ఆమెను ఏటేటా గుచ్చి గుచ్చి ఏడ్పించేది. భర్త ఎల్కానాకు ఆమె మీద ప్రేమ ఉంది, రెండు పాళ్ళు వడ్డించేవాడు. ఏడుస్తుంటే ఓదార్చాడు కూడా. ఎలా? పదిమంది కుమారులకంటే నేను నీకు ఎక్కువ కానా అని! ఎంత మంచివాడైనా ఆ ప్రశ్నలో ఆమె దుఃఖము లేదు, తనే ఉన్నాడు. ఓదార్చేవారు తరచూ చేసే పని ఇది. బాధపడేవారి బాధలోనికి మన గొప్పనో, మన అనుభవమునో తీసుకువచ్చి పెడతాము. ‘మా చెల్లెలికీ పదేళ్ళ దాకా పిల్లలు లేరమ్మా, తర్వాత కవలలు’ అంటాము. చెప్పేవారికి అది సాక్ష్యము, వినేవారికి అది మరొక కొలత.

షిలోహు మందిరము దగ్గర కూర్చున్న ఏలీ పరిస్థితి ఇంకొక విధము. ఆమె పెదవులు కదులుతున్నాయి, స్వరము లేదు. త్రాగి ఉన్నదనుకొన్నాడు, గద్దించాడు. ఆమె మనస్సు విప్పి, నేను దుఃఖాక్రాంతురాలను అని చెప్పిన తరువాత ఆయన ఏమి చేశాడో చూడండి. ఆ దుఃఖము ఏమిటి, ఎన్నాళ్ళనుండి, ఎవరివల్ల అని అడిగినట్లు వ్రాయబడలేదు. ఇశ్రాయేలు దేవుడు నీవు అడిగినది నీకు దయచేయునుగాక అనే భావముతో దీవించి పంపాడు. ఆమె కోరిక ఏమిటో ఆయనకు ఆ క్షణాన తెలిసినట్లే లేదు. అయినా ఆమె వెళ్ళి భోజనము చేసింది, ముఖము మారింది. చెప్పినంత విని, చెప్పనిదాన్ని తవ్వకుండా ప్రార్థించడం కూడా ప్రేమే.

మన కూటాలలో సంతానము లేని కోడలిని ముందుకు పిలిచి, అందరి ఎదుట తల మీద చెయ్యి ఉంచి, బిగ్గరగా ప్రార్థించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. లోపము భర్తలో కూడా ఉండవచ్చునని వైద్యులు ఎంత చెప్పినా పిలవబడేది భార్య ఒక్కతే. అటువంటి ఒక సోదరి ఆరాధనకు రావడమే మానివేసింది. ఆమె విశ్వాసము చల్లారిపోయిందని కొందరు ఆమె కొరకు ప్రార్థన అంశము కూడా ఇచ్చారు! ప్రార్థన అంశమనే పేరుతో ఎన్ని ఇళ్ళ గుట్టు ఊరంతా తిరుగుతోందో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ‘ప్రార్థన చేయండి, ఎవరితో చెప్పకండి’ అని మొదలైన మాట బుధవారము నుండి ఆదివారములోగా సంఘమంతా చుట్టి వస్తుంది. ఇప్పుడు సెల్‌ఫోను గుంపులు కూడా వచ్చాయి గనుక ఆదివారం దాకా ఆగనక్కరలేదు. ఆ సోదరి ఇంటికి ఒక్కరు, ఆమె వయస్సు స్త్రీ ఒకరు వెళ్ళి, ఆమెతోపాటు వంటగదిలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటే చాలు. ప్రార్థన చేయమంటారా అని ఆమెనే అడగవచ్చు. వద్దంటే ఒలవడం ముగించి రావచ్చు, ఇంటికి వచ్చి ప్రార్థించవచ్చు.

ఏడు రోజుల మౌనము

యోబు స్నేహితులను మనం ఎప్పుడూ నిందిస్తూ ఉంటాము. కాని వారు బాగా చేసిన పని ఒకటి ఉంది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు తమ తమ ఊళ్ళనుండి బయలుదేరి వచ్చారు. అతనిని గుర్తుపట్టలేక బిగ్గరగా ఏడ్చారు. అతనితోకూడ ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద కూర్చున్నారు. అతని బాధ అత్యధికముగా ఉన్నదని గ్రహించి ఒక్కరూ మాట్లాడలేదు. యెహెజ్కేలు కూడా కెబారు నది దగ్గర తేలాబీబులో చెరపట్టబడినవారి మధ్య ఏడు దినాలు ఏమీ పలకకుండా కూర్చున్నాడని అతని గ్రంథము 3వ అధ్యాయములో ఉంది. ఆ తరువాతే దేవుడు అతనికి కావలివాని పని అప్పగించాడు.

యోబు స్నేహితుల చిక్కు ఎనిమిదవ రోజున వచ్చింది, నోరు తెరిచినప్పుడు. బాధకు కారణము చెప్పకుండా ఉండలేకపోయారు. నేటికీ మన ఆదరణ కూటాలలో జరిగేది అదే. ‘దేవుడు ఏదో మేలుకే చేశాడు’, ‘మీకు ఏదో నేర్పించాలని’, మరీ కఠినులైతే ‘ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది’. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఈ వివరణలు అక్కరలేదు. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువుకు మరి కొద్ది నిమిషాలలో ఏమి జరగబోతుందో తెలుసు. లాజరు లేస్తాడని తెలిసి కూడా, మరియ ఏడవడం చూచి ఆయన ఆత్మలో మూలిగాడు, కన్నీళ్ళు కార్చాడు. నిరీక్షణ ఉన్నది గనుక ఏడవనక్కరలేదు అని ఆయన అనలేదు. నిరీక్షణ అందరికంటె ఎక్కువగా ఉన్నవాడే అక్కడ ఏడ్చాడు.

సువార్తలలో ఆయన జనసమూహాలను చూచి కనికరపడ్డాడు అని వచ్చే చోట్ల మూలభాషలో ఉన్న మాటకు పుట్టుక కడుపులోని అవయవాలు, పేగులు అనే అర్థము నుండి. మన అమ్మమ్మలకు ఈ సంగతి గ్రీకు చదవకుండానే తెలుసు. కడుపు తరుక్కుపోయింది అంటారు, పేగు కదిలింది అంటారు. అది తలలో పుట్టే జాలి కాదు.

ఒంగోలు కొండ, బకింగుహాము కాలువ

ఇలాటి ప్రార్థన ఎక్కడికి తీసుకువెళ్తుందో మన తెలుగునాట సంఘ చరిత్రలోనే ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరు మిషనుకు చెందిన జ్యూవెట్ దొరగారు, ఆయన సతీమణి, జూలియా మొదలైన కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండ ఎక్కి ప్రార్థించారు. క్రింద కనబడుతున్న పల్లెల కొరకు ఒక సేవకుని పంపుమని అడిగారు. అప్పటికి ఆ మిషనునే మూసివేద్దామా అని అమెరికాలో ఆలోచిస్తున్న రోజులు. జవాబు వెంటనే రాలేదు. పన్నెండు సంవత్సరాల తరువాత, 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టారు.

తరువాతి కథలో 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మము జరిగిన సంగతి మనందరమూ చెప్పుకొంటాము. మాకు మాత్రము దానికి ముందు జరిగినది ఎక్కువ విలువైనదిగా కనబడుతుంది. 1876 నుండి 1878 వరకు భయంకరమైన కరువు. జనము ఆకులు, వేళ్ళు తిని బ్రతికారు. క్లౌ గారికి లోగడ భూములు సర్వే చేసిన అనుభవము ఉంది. ప్రభుత్వము త్రవ్విస్తున్న బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ పని ఆయన కంట్రాక్టు తీసుకొన్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవారికి పని, కూలి ఇప్పించారు. మన్ను మోసి అలసిన కూలీలు కూర్చున్నప్పుడు వారి ప్రక్కన ఆ బోధకులు కూర్చుని మాట్లాడేవారు. కరువు సాయము సాగుతున్నంతకాలము క్లౌ గారు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు, ఆకలి కొరకు ఎవరూ నమ్మినట్లు నటించవలసిన అవసరము రాకూడదని. ఆకలిగొన్నవాని మనస్సు ఎటు పోతుందో ఎరిగి, ఆ మనస్సును కాపాడిన విధము ఇది. కొండ మీద మొదలైన ప్రార్థన పార పట్టుకొని కాలువలోనికి దిగింది.

చేతులు బరువెక్కినప్పుడు

ఇంతగా మోయడం మొదలుపెట్టినవారికి ఒక ప్రమాదము కూడా ఉంది. అందరి బాధ మన బాధ అయితే నిద్ర ఉండదు. ఆసుపత్రులలో పనిచేసే నర్సులకు, పాస్టరమ్మలకు ఇది బాగా తెలుసు. రెఫీదీములో కొండ మీద మోషే చేతులు ఎత్తి ఉంచినంతసేపు ఇశ్రాయేలీయులు గెలిచారు, చేతులు దించగానే అమాలేకీయులు గెలిచారు. మోషే చేతులు బరువెక్కాయి. అప్పుడు అహరోను, హూరు ‘ఇంకా విశ్వాసముతో ఎత్తు’ అనలేదు. ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టారు. చెరొక ప్రక్క నిలిచి చేతులు పట్టుకొన్నారు. ముప్ఫై పేర్లను ముప్ఫై మందీ మోయాలని లేదు. పదిమంది ఉన్న కూటములో ఒక్కొక్కరికి మూడు పేర్లు. ఆ మూడిటి గురించి మిగతావారికంటె బాగా తెలిసి ఉండడం, ఆ ఇళ్ళకు వెళ్ళడం, నెల తరువాత మళ్ళీ అడగడం. మాకు తెలిసిన ఒక గృహ కూటములో ఇలాగే చేస్తున్నారు. వారి నోటు పుస్తకములో పేరుకు ఎదురుగా తేదీ, అడిగిన అంశము, ఆ ఇంటివారి సొంత మాటల్లో వ్రాసుకొంటారు. ‘బి.పి. కొరకు’ అని కాదు, ‘రాత్రి కొడుకు వచ్చేదాకా నిద్ర పట్టడం లేదు, అందుకు’ అని.

పేతురు విషయములో ప్రభువు చేసిన ప్రార్థన కూడా ఇక్కడ జ్ఞాపకము చేసుకోవాలి. శోధన రాకుండా చేయుమని ఆయన అడిగినట్లు లేదు. అతని విశ్వాసము తప్పిపోకుండునట్లు వేడుకొన్నానని పేతురుతోనే చెప్పాడు, తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచు అని కూడా చెప్పాడు. పడిపోతాడని తెలిసి, పడిన తరువాతి దినము కొరకు ప్రార్థించాడు. మన ప్రార్థనలు సాధారణంగా ఆపద రాకముందటితో ఆగిపోతాయి.

ఉద్దానంలోని ఆ సోదరుడు తరువాతి వేసవిలో ప్రభువునందు నిద్రించాడు. సంఘమంతా వచ్చింది, ఆదరణ కూటము బాగా జరిగింది, భోజనాలు పెట్టారు. మరుసటి ఆదివారము ప్రార్థన చీటీలో ఆయన పేరు లేదు. సహజమే. కాని ఆ పేరు ఉన్న చోట ఆమె పేరు కూడా లేదు. నీళ్ళ దాహము కొరకు అంతకాలము ప్రార్థించిన పెద్దమ్మే ఆ సంగతి కనిపెట్టి, సంఘ కార్యదర్శిని పిలిచి, ఆ ఖాళీలో ఆమె పేరు, ఇద్దరు పిల్లల పేర్లు వ్రాయించింది. అంశము ఏమని వ్రాయాలమ్మా అని ఆయన అడిగాడు. మంగళవారము, గురువారము, శనివారము తెల్లవారుజామున ఆమెకు ఇంకా మెలకువ వచ్చేస్తోందట, ఎక్కడికీ వెళ్ళే పని లేదు, ఏమి చేయాలో తోచడం లేదట, అదే వ్రాయమని చెప్పింది. ఆయన అదే వ్రాశాడు.